వాణ్ని ఎత్తుకోని పిన్ని

మా అక్క కొడుకు బారసాల ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. 140 దాకా ఉంటాయి. అందరూ వాణ్ని ఎత్తుకున్నారు. అమ్మ, నాన్న, బావ వాళ్ళ అమ్మగారు, పక్క ఫ్లాట్ ఆంటీ, చివరికి వీడియో తీయడానికి వచ్చిన కుర్రాడు కూడా. నేను మాత్రం ఒక్క ఫొటోలోనూ వాణ్ని ఎత్తుకుని లేను. నేనున్న నాలుగు ఫొటోల్లో గోడకి ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటాను.

“ఏంటి మరదలా, వాడేమైనా కరుస్తాడా?” అని బావ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ చేతులు ఎందుకు వెనక్కి కట్టుకున్నానో మా అక్కకి చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. మీకు ఇప్పుడు చెప్తున్నాను.

నాకు 28 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో పీజీ హాస్టల్. ఇది రెండేళ్ళ కిందటి సంగతి. అక్క పురిటికి ఏలూరులో మా ఇంటికి వచ్చింది. నేను మేనేజర్‌ని బతిమాలి నెల రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని వెళ్ళాను. వాడు పుట్టినరోజు ఆసుపత్రి వరండాలో అమ్మ తర్వాత వాణ్ని ఎత్తుకున్నది నేనే. మొదటి పది రోజులూ వాడు నా ఒళ్ళోనే పెరిగాడని చెప్పొచ్చు. ల్యాప్‌టాప్ ఒక పక్క, వాడు ఒక పక్క.

పదకొండో రోజు సాయంత్రం వాణ్ని భుజాన వేసుకుని బాల్కనీలో నిలబడ్డాను. మాది రెండో అంతస్తు. కింద కొబ్బరిబోండాల బండి. వాడు ఆవలించాడు. సరిగ్గా అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. ‘వీణ్ని ఇక్కణ్నుంచి వదిలేస్తే?’

ఒక్క సెకను. అంతే. కానీ నా వెన్నులో నీళ్ళు పోసినట్టయింది. గబగబా లోపలికొచ్చి వాణ్ని అక్క పక్కన పడుకోబెట్టేశాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఇలాంటి ఆలోచన వచ్చిందంటే నేను ఎలాంటి దాన్ని? లోపల ఎక్కడో నాకు అలా చేయాలని ఉందా? పేపర్లో చదువుతాం కదా, ‘అందరితో మంచిగానే ఉండేది’ అని ఇరుగుపొరుగు చెప్పే మనుషుల గురించి. నేను కూడా ఆ మనిషినేనా?

అటక మీద కత్తిపీట

ఆ రోజు నుంచి వాణ్ని నా నుంచి కాపాడటం మొదలుపెట్టాను.

ముందు బాల్కనీ తలుపు గడియ. రాత్రి నాలుగైదుసార్లు లేచి చూసేదాన్ని. తర్వాత వంటింట్లో కత్తిపీట. అందరూ పడుకున్నాక దాన్ని పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాను. పొద్దున్నే అమ్మ బాలింతకి పత్యం కూర వండాలని ఇల్లంతా వెతికింది. “ఇంత పెద్ద కత్తిపీట ఎక్కడికి పోతుందే, కాళ్ళొచ్చి నడిచిపోయిందా?” అంటూ పనమ్మాయిని కూడా అడిగింది. నేను ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

అమ్మమ్మ ఇంకో పని చేసింది. పసివాడు నిద్రలో ఉలిక్కిపడకుండా దిండు కింద ఇనుము ఉండాలని చిన్న చాకు ఒకటి పెట్టింది. మన ఇళ్ళల్లో చాలామంది చేసేదే. ఆవిడకి అది రక్ష. నాకు మాత్రం ఆ గదిలోకి అడుగు పెట్టడమే భయమైపోయింది.

బారసాల అయిన నాలుగో రోజు మధ్యాహ్నం. అమ్మ మందుల షాపుకి వెళ్ళింది. అమ్మమ్మ నిద్రపోతోంది. అక్కకి రెండు రాత్రులుగా నిద్ర లేదు, తలస్నానం చేసి వారమైంది. నా గది గుమ్మంలో నిలబడి, “ఒక్క పది నిమిషాలు వీణ్ని చూడవే, స్నానం చేసొస్తాను” అంది.

ఇంట్లో ఎవరూ లేరు. వాడూ నేనూ మాత్రమే ఉంటాం. నా నోట్లోంచి వచ్చిన మాట, “మీటింగ్ ఉందక్కా.”

మీటింగ్ లేదు. తలుపేసుకున్నాను. అక్క వాణ్ని మంచం మీద పడుకోబెట్టి, చుట్టూ దిళ్ళు పెట్టి వెళ్ళింది. రెండు నిమిషాలకి వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నేను తలుపుకి అవతల నేల మీద కూర్చుని నోరు నొక్కుకుని ఏడ్చాను. వెళ్ళి ఎత్తుకుంటే వాడికి ప్రమాదం అని నా నమ్మకం. సబ్బు కూడా పూర్తిగా కడుక్కోకుండా అక్క తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చిన చప్పుడు వినిపించింది.

రాత్రి అన్నాల దగ్గర అక్క నా వైపు చూడకుండానే అంది. “వాడు అంతలా ఏడుస్తుంటే తలుపేసుకుని ఎలా కూర్చున్నావే? నీకు మనసనేదే లేదు.”

మర్నాడు పొద్దున్న రైలెక్కేశాను. ఆఫీసులో అర్జెంటని చెప్పాను.

నాకు జాలి ఉందా? టెస్ట్ రాసి చూద్దాం

హైదరాబాద్ వచ్చాక వాడు దూరమయ్యాడు కాబట్టి ఆలోచనలు తగ్గాలి. తగ్గలేదు. అక్క మాట వాటికి తోడైంది. మనసు లేదు. నిజమేనేమో!

ఇంజినీరింగ్ చదివిన బుర్ర కదా, కొలిచి చూడాలనుకుంది. అర్ధరాత్రి ఫోన్‌లో ‘మీలో ఎంపతీ ఎంత?’ అనే క్విజ్‌లు రాయడం మొదలుపెట్టాను. ఎంపతీ అంటే తెలుగులో సహానుభూతి. ఎదుటివాళ్ళ బాధ మనకి తెలియడం, తగలడం. మంచి స్కోరు వస్తే పది నిమిషాలు హాయిగా ఉండేది. ఆ తర్వాత, ‘నిజాయితీగా రాశానా? మంచిదాన్నని అనిపించుకోవడానికి రాశానా?’ అని మళ్ళీ మొదటి నుంచి. ఒక్కో రాత్రి ఒకే క్విజ్ ఏడెనిమిది సార్లు.

అది చాలక ఇంకో పరీక్ష. తప్పిపోయిన పిల్లలు అమ్మని కలుసుకునే వీడియోలు, ప్రమాదాల వార్తలు వెతికి మరీ చూసేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయా లేదా అని నన్ను నేను గమనించుకునేదాన్ని. మొదటి వీడియోకి ఏడుపొచ్చేది. ఇరవయ్యో వీడియోకి రాదు. ఎవరికైనా అంతే కదా. నాకు మాత్రం అది రుజువు. ‘చూశావా, నీకేమీ అనిపించడం లేదు. నువ్వు రాయివే.’

రోజుకి మూడుసార్లు అమ్మకి ఫోన్ చేసి, “అమ్మా, నేను మంచిదాన్నేనా?” అని అడిగేదాన్ని. “పిచ్చి మొహమా, నువ్వు కాకపోతే ఎవరే మంచిది?” అనేది అమ్మ. అరగంట సరిపోయేది. తర్వాత అదే ప్రశ్న ఇంకోలా అడిగేదాన్ని. అమ్మ దిష్టి తీయించింది, ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించింది. పాపం, ఆవిడ చేయగలిగింది ఆవిడ చేసింది.

చివరికి నన్ను డాక్టర్ దగ్గరకి లాక్కెళ్ళింది నా రూమ్మేట్. నేను పీజీ వంటింట్లో ఉల్లిపాయలు కోయడం మానేశానని, ఎవరైనా కోస్తుంటే బయటికెళ్ళిపోతున్నానని ఆ పిల్లే కనిపెట్టింది.

సైకియాట్రిస్ట్ ఎదురుగా కూర్చుని నలభై నిమిషాలు అటూ ఇటూ తిప్పి మాట్లాడాను. బాల్కనీ సంగతి చెప్తే పోలీసుల్ని పిలుస్తారని నిజంగానే భయపడ్డాను. చెప్పాక ఆయన పెన్ను కింద పెట్టి, “ఈ ఆలోచన వచ్చినప్పుడు మీకు ఎలా ఉంటుంది?” అని అడిగారు. “చచ్చిపోవాలనిపించేంత భయంగా ఉంటుంది సార్” అన్నాను. ఆయన తల ఊపి, ఇంకో పది ప్రశ్నలు అడిగారు. తీవ్రత కొలిచే వై-బాక్స్ అనే స్కేలు మీద 40కి నా స్కోరు 27 వచ్చింది. జబ్బు పేరు ఓసీడీ.

సబ్బూ శానిటైజర్ మాత్రమే కాదు

నేను నమ్మలేదు. ఓసీడీ అంటే నాకు తెలిసింది 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమాలో శర్వానంద్. అతిశుభ్రత, నవ్వులు. ఆఫీసులో ఎవడైనా డెస్క్ సర్దుకుంటే “నాకు కొంచెం ఓసీడీ ఉంది మామా” అంటాడు కదా, అది. నా గది చూస్తే నాకు ఓసీడీ ఉందని ఎవరూ అనరు. కుర్చీ మీద బట్టల కొండ ఉంటుంది.

తర్వాత తెలిసింది ఇది. వద్దన్నా పదే పదే వచ్చి భయపెట్టే ఆలోచన ఒకటి. ఆ భయం తగ్గించుకోవడానికి చేసి తీరాలనిపించే పని ఇంకొకటి. ఈ రెండూ కలిసి రోజులో గంటలు తినేస్తుంటే అది ఓసీడీ. ఆ ఆలోచన మురికి గురించే అవ్వాలని లేదు. గ్యాస్ ఆపానా, బండి కింద ఎవరైనా పడ్డారా, దేవుణ్ని తిట్టుకున్నానా, పసివాణ్ని ఏమైనా చేస్తానా... ఏదైనా కావచ్చు. చేసే పని కూడా చేతులు కడుక్కోవడమే అవ్వక్కర్లేదు. కత్తిపీట దాచడం, క్విజ్ రాయడం, అమ్మని అడగడం, అన్నీ అవే. వందలో సుమారు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందంటారు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యులు దీన్ని ‘సందేహాల పిచ్చి’ అనేవాళ్ళు. నాకు అన్నిటికన్నా సరిపోయిన పేరు అదే.

అసలు అలాంటి ఆలోచన ఎందుకొచ్చింది? నన్ను తినేసిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు 1978లోనే దొరికింది. లండన్‌లో స్టాన్లీ రాచ్‌మన్, పద్మల్ డి సిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని, మీకు వద్దన్నా వచ్చే చెడ్డ ఆలోచనలు ఏమిటని అడిగారు. ఎక్కువమందికి వస్తున్నాయి. కన్నవాళ్ళకి హాని, కదిలే రైలు ముందుకి దూకడం, ఇలాంటివే. పేషెంట్ల ఆలోచనలనీ వీళ్ళ ఆలోచనలనీ కలిపేసి ఇస్తే ఏది ఎవరిదో విడదీయడం నిపుణులకే అంత సులువు కాలేదు. అంటే తేడా ఆలోచనలో లేదు. దానికి మనం ఇచ్చే అర్థంలో ఉంది. మామూలు మనిషి ‘ఛీ, ఇదేం ఆలోచన’ అని టీ తాగడానికి వెళ్ళిపోతాడు. నాలాంటి మనిషి ఆ ఆలోచన మీద ఎంక్వైరీ కమిషన్ వేస్తుంది.

ఆ అర్థం ఏమిటో 1985లో పాల్ సల్కోవ్‌స్కిస్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ రాశాడు. బాధ్యత. ఎక్కడ ఏ హాని జరిగే అవకాశం ఉన్నా అది నా వల్లే జరుగుతుంది, దాన్ని ఆపాల్సింది నేనే అనే బరువు. రోడ్డు మీద అరటి తొక్క కనిపిస్తే మీరు పక్కనుంచి వెళ్ళిపోతారు. నేను తీసి డస్ట్‌బిన్‌లో వేసి, ఇంకోటి ఉందేమోనని వెనక్కొచ్చి చూస్తాను.

ఆలోచించకుండా ఉండొచ్చుగా అంటారా? వైద్యుడు మందిచ్చి, ‘తాగేటప్పుడు కోతిని మాత్రం తలుచుకోవద్దు’ అన్న కథ మనకి తెలిసిందే. పాపం ఆ రోగికి జీవితంలో మందు తాగే యోగం లేదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోతి బదులు తెల్ల ఎలుగుబంటితో ఇదే ప్రయోగం చేశాడు. వద్దన్నకొద్దీ అది వచ్చింది.

నేను ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ చేస్తాను. సర్వర్‌కి ఏదైనా అయితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. అలర్ట్ లిమిట్ మరీ తక్కువ పెడితే ఏమీ కాకపోయినా మోగుతూనే ఉంటుంది. ఓసీడీ కూడా అలాంటి అలర్టే. కాకపోతే ఆఫీసు అలర్ట్ నేను లేచి చూసినందుకు ఇంకా సున్నితమైపోదు. ఇది అయిపోతుంది. నేను గడియ చెక్ చేసిన ప్రతిసారీ, ‘ఓహో, ఇది నిజంగానే ప్రమాదం కాబోలు’ అని నా మెదడు రాసుకుంటుంది.

జాలి ఎవరి మీద?

సైకియాట్రిస్ట్ మాత్రలు రాసి, థెరపీ కోసం ఒక సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరకి పంపారు. రెండో వారంలోనే ఆవిడని అడిగేశాను. “మేడమ్, ఓసీడీ ఉన్నవాళ్ళకి ఎంపతీ తక్కువా, ఎక్కువా?”

ఆవిడ నవ్వి, “ఇది కూడా క్విజ్జేనా?” అన్నారు. దొరికిపోయాను.

కానీ ఆవిడ వదిలేయలేదు. తర్వాత సెషన్‌లో ఒక విషయం చెప్పారు. మార్క్ డేవిస్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1980లో 28 ప్రశ్నల కొలత ఒకటి తయారుచేశాడట. ఎంపతీని ఒకే ముద్దలా చూడకుండా నాలుగు భాగాలు చేశాడు. ఎదుటివాళ్ళ వైపు నుంచి ఆలోచించడం ఒకటి. కథల్లో మనుషుల్లోకి దూరిపోవడం ఒకటి. ఎదుటివాళ్ళ మీద ఆపేక్ష, జాలి ఒకటి. నాలుగోది, ఎదుటివాళ్ళ కష్టం చూస్తే మనకే కాళ్ళూ చేతులూ ఆడకపోవడం. ఓసీడీ ఉన్నవాళ్ళతో జరిగిన అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించేది ఈ నాలుగోదట.

పీజీకి వచ్చి చాలాసేపు ఆలోచించాను. ఆ మధ్యాహ్నం తలుపు వెనక నాకు జరిగింది అదే. వాడి ఏడుపు నాకు తగల్లేదని కాదు. అక్కకన్నా ఎక్కువే తగిలిందేమో. కానీ తగిలిన మరుక్షణం అది వాడి బాధగా ఉండలేదు. నా భయమైపోయింది. ‘వాడికి ఆకలేస్తోందా, పక్క తడిసిందా?’ అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. ‘నేనెలాంటి దాన్ని?’ అనే అనుకున్నాను. నెల రోజులు వాడి గురించే ఆలోచించానని అనుకున్నాను. నిజానికి నెల రోజులూ నా గురించే ఆలోచించాను.

ఇది ఒప్పుకోవడం చేదుగానే ఉంది. కానీ ఇలా చూశాక ఒక దారి కూడా కనిపించింది. ఎంపతీ నాలో ఉందా లేదా అని తవ్వుకుంటూ కూర్చోవడం నా పని కాదు. తవ్వడం ఆపి, ఎదురుగా ఉన్న మనిషిని చూడటం నా పని.

మెట్టు మెట్టుగా

నాకు చేసిన థెరపీ పేరు ఈఆర్‌పీ. భయపెట్టేదానికి ఎదురుగా నిలబడటం, ఎప్పుడూ చేసే విరుగుడు పని చేయకుండా ఉండటం. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన లండన్‌లో ఇద్దరు పేషెంట్ల మీద మొదలుపెట్టిన పద్ధతికి ఇది పెరిగిన రూపం. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఎవరెస్టు.

మొదటి మెట్టు, ఆ ఆలోచనని కాగితం మీద రాయడం. నా చేత్తో ‘నేను వాణ్ని వదిలేస్తానేమో’ అని రాశాను. రాసి చింపేయకూడదు, దణ్ణం పెట్టుకోకూడదు, ‘నేనలా చేయను’ అని లోపల కూడా అనుకోకూడదు. భయం దానంతటదే పెరిగి దానంతటదే తగ్గేదాకా కూర్చోవాలి. మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది. రెండో మెట్టు, వాడి ఫొటో టేబుల్ మీద పెట్టుకుని చాకుతో కూరగాయలు తరగడం. మూడోది, అమ్మని ‘నేను మంచిదాన్నేనా’ అని అడగకుండా ఒక రోజు, తర్వాత వారం.

ఈ మూడోదానికి అమ్మకి కూడా ట్రైనింగ్ ఇవ్వాల్సి వచ్చింది. మేడమ్ అమ్మతో ఫోన్‌లో మాట్లాడారు. ఆ తర్వాత నేను అలవాటుకొద్దీ అడిగితే అమ్మ, “ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పకూడదటమ్మా. అన్నం తిన్నావా?” అనేది. మొదట్లో ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడనిపిస్తుంది, నా కోసం అమ్మ చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది అదేనని. కూతురు ఏడుస్తుంటే ‘నువ్వు బంగారం’ అనకుండా ఉండటం ఏ తల్లికి సులువు?

మాత్రలు పనిచేయడానికి రెండు మూడు నెలలు పట్టింది. దీనికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు మామూలుగా అంత టైమ్ తీసుకుంటాయని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి మధ్యలో మానలేదు. ఆరో నెలకి నా స్కోరు 27 నుంచి 14కి వచ్చింది. అప్పుడు ఆఖరి మెట్టు మిగిలింది. ఏలూరు.

అక్క చెప్పిన మాట

అక్క అత్తారింటి నుంచి వారం రోజులకి వచ్చింది. వాడికి ఏడో నెల, బోర్లా పడి పాకుతున్నాడు. నన్ను చూసి కొత్త మనిషిని చూసినట్టు అమ్మ చాటుకి వెళ్ళిపోయాడు. అది నేను సంపాదించుకున్నదే.

రాత్రి వాడు పడుకున్నాక డాబా మీద అక్కకి అంతా చెప్పాను. బాల్కనీ, కత్తిపీట, మీటింగ్ లేకపోవడం. అక్క మొహం చూడలేక నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ చెప్పాను. వాణ్ని ఇక జన్మలో నా చేతికి ఇవ్వదేమో అనుకున్నాను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. “నాకూ వచ్చిందే.”

నాకు అర్థం కాలేదు.

“రెండో వారంలో. రాత్రి మూడింటికి. ఎంత ఊపినా ఏడుపు ఆపడం లేదు. దిండు వైపు చూశాను. ఒక ఆలోచన వచ్చింది. వాణ్ని పక్కన పెట్టేసి బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు, మీ బావకి కూడా. తల్లినై ఉండి ఇలాంటి ఆలోచనేంటని... మళ్ళీ రెండు మూడుసార్లు వచ్చింది. తర్వాత పోయింది.”

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. ఆ మాట వినగానే నాలో లేచిన మొదటి భావం జాలి కాదు. ఊరట. ‘అక్కకి కూడా వచ్చిందంటే నేను మంచిదాన్నే!’ వెంటనే వంద ప్రశ్నలు నాలుక చివరికి వచ్చాయి. నీకు ఎన్ని సెకన్లు వచ్చింది? నీకు చేయాలనిపించిందా, భయమేసిందా? నాది అచ్చం అలాంటిదేనా? అక్క తన గుండె తెరిచి పెడితే, నేను అందులోంచి నా క్విజ్‌కి జవాబులు ఏరుకోబోతున్నాను.

గమనించాను. ఆరు నెలల థెరపీ ఆ ఒక్క క్షణం కోసమేనేమో. ప్రశ్నలన్నీ మింగేసి, “ఆ రాత్రులు ఒక్కదానివే ఎలా గడిపావక్కా?” అని అడిగాను.

అక్క ఏడ్చేసింది. కుట్లు నొప్పి, పాలు సరిగ్గా పడకపోవడం, అందరూ ‘పిల్లాడు బొద్దుగా లేడు’ అనడం, నిద్రలేమి, అన్నీ చెప్పింది. “నువ్వుంటే నీతో చెప్పుకుందామనుకున్నాను. నువ్వేమో తలుపేసుకున్నావు. అందుకే అంత మాట అన్నానే” అంది.

నేను వాడికి హాని చేస్తానేమోనని నెల రోజులు వణికిపోయాను. వాడికి ఏమీ కాలేదు. నా వల్ల నిజంగా దెబ్బ తగిలింది అక్కకి. అది నేను చేసిన పని వల్ల కాదు. నేను లేకపోవడం వల్ల. ఏ అలర్టూ దాని గురించి మోగలేదు.

ప్రసవమైన తొలి వారాల్లో ఇలాంటి ఆలోచనలు చాలామంది తల్లులకి వస్తాయని, భయపడి దాచుకుంటారని తర్వాత అక్కకి చెప్పాను. ఒక తేడా కూడా తెలుసుకోవాలి. ఆలోచన వచ్చి మనిషి హడలిపోతుంటే ఒక సంగతి. అలా చేయడమే సరైనదని నమ్ముతున్నా, ఎవరో చెప్పినట్టు మాటలు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్రలేక మనిషి పొంతన లేకుండా ప్రవర్తిస్తున్నా అది వేరే జబ్బు. అప్పుడు తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నీళ్ళు పోయడం

మర్నాడు పొద్దున్న అక్క వాణ్ని తెచ్చి, “ఇవాళ వీడికి నువ్వే నీళ్ళు పొయ్యి” అంది. ధైర్యం చెప్పలేదు, ‘నీకేం కాదులే’ అనలేదు. సున్నిపిండి గిన్నె నా పక్కన పెట్టి, తను వంటింట్లోకి వెళ్ళిపోయింది. కావాలనే వెళ్ళిందని నాకు తెలుసు.

పీట మీద కూర్చుని కాళ్ళు చాపి వాణ్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. పక్కన బకెట్ నిండా నీళ్ళు. ఊహించినట్టే ఆలోచన వచ్చింది. ‘ఈ నీళ్ళల్లో...’ రానిచ్చాను. దాన్ని తరమలేదు, దానితో వాదించలేదు. అది ఒక పక్కన ఉంది. వాడి కాలి వేళ్ళు ముడుచుకుంటున్నాయి. నీళ్ళు కొంచెం చల్లగా ఉన్నట్టున్నాయి అనుకుని చెంబుడు వేడినీళ్ళు కలిపాను. వేళ్ళు విప్పుకున్నాయి.

ఏడు నెలల్లో వాడి గురించి నేను ఆలోచించిన మొదటి ఆలోచన అదేనేమో. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

ఓసీడీ పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ కొన్ని రాత్రులు వస్తుంది. మాత్రలు డాక్టర్ చెప్పినట్టు తగ్గిస్తున్నాం. క్విజ్‌లు మాత్రం రాయడం లేదు. మీరు గానీ ఇలాంటి ఆలోచనతో ఒంటరిగా ఉంటే, అర్ధరాత్రి ఫోన్‌లో మీ మంచితనాన్ని కొలుచుకుంటూ ఉంటే, ఒక్క మనిషికి చెప్పండి. ఎవరూ దొరక్కపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లోనే అలాంటి మనిషి ఉంటే, ‘నువ్వు మంచిదానివే’ అని వందోసారి చెప్పకుండా, మా అమ్మలాగా అన్నం తిన్నావా అని అడిగి పక్కన కూర్చోండి.

వాడికి ఇప్పుడు రెండేళ్ళు. వీడియో కాల్‌లో నన్ను ‘పిన్నీ, మీటింగా?’ అని అడుగుతాడు. అక్క నేర్పించింది. ఇద్దరూ నవ్వుతారు. మొన్న సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు తీసిన ఫొటోలు 60 ఉన్నాయి. అన్నిట్లోనూ వాడు నా చంకలోనే ఉన్నాడు. కొన్నిట్లో మొహం తిప్పేసి ఏడుస్తున్నాడు. ఆ ఫొటోలు నేను డిలీట్ చేయలేదు. గాలిపటం ఇవ్వలేదని ఏడుస్తున్నాడు, అంతే.